నీలం చేప పెత్తనం

పసుపు చేప తోక మళ్లీ చిరిగింది. టైలరమ్మ మెడలో టేపు వేలాడుతుండగానే గాజు తొట్టె ముందు వంగి చూసి, "నిన్ననే కదే కాస్త మానింది!" అని తల పట్టుకుంది. గుడ్డ చిరిగితే ఆనవాలు తెలియకుండా అతకగలదు ఆమె. చేప తోకకు ఏం చేస్తుంది?

ఆ తొట్టె ఆమె అడిగి తెప్పించుకున్నది కాదు. బస్సు నడిపే మొగుడు ఒక సెలవు రోజున మోజుపడి కొని, ఆమె కొలతలు తీసుకునే ముందుగదిలో, కుట్టుమిషను పక్కనే పెట్టాడు. సిక్లిడ్లనే జాతి చేపలట. కొట్లో గుడ్డలు ఏరినట్టు రంగులు చూసి ఏరుకొచ్చాడు. వాటిలో నీలంది ఒకటి వచ్చీ రాగానే రాళ్ల మధ్య పెద్ద గూడు పట్టింది. తర్వాత గూడు చుట్టుపక్కల కూడా తనదే అంది. రానురాను తొట్టంతా తనదే అంది. అత్తగారు దానికి పెత్తందారు అని పేరు పెట్టింది. తెచ్చినవాడు పొద్దున్నే బస్సెక్కి పోతాడు; తగువులు తీర్చే పని మాత్రం టైలరమ్మ నెత్తిన పడింది.

"రాళ్లు తీసి వేరేగా పేర్చండమ్మా. ఎవరి చోటేదో మర్చిపోయి సర్దుకుంటాయి" అన్నాడు చేపల షాపాయన.

మోచేతుల దాకా తడుపుకుని పేర్చింది. కాసేపు చేపలన్నీ కొత్తింట్లో దిగిన చుట్టాల్లా బెరుకు బెరుకుగా తిరిగాయి. ఆమె నాలుగు కాజాలు కుట్టి తలెత్తేసరికి, పెత్తందారు అన్నిటికంటే మంచి గూడు చూసుకుని, పసుపు చేపను మూలకు తరుముతోంది.

"ఒక్కదాని మీదే పడకుండా ఉండాలంటే ఇంకా చేపలుండాలి, ఆడవి" అని షాపాయన ఈసారి మొగుడికి చెప్పాడు. ఆయన 'ఇంకా' అన్నది విన్నాడు, 'ఆడవి' అన్నది వినలేదు. అచ్చం పెత్తందారులాంటి నీలం మగచేపనే కవర్లో పట్టుకొచ్చాడు.

"జత ఎలా కుదిరిందో చూడు!"

తెల్లారేసరికి జతకు తెచ్చిన ఆ కొత్త చేప నీళ్ల మీద తేలుతోంది. దాని రెక్కలు పీలికలు పీలికలయ్యాయి.

"చంపించడానికే తెచ్చారా దాన్ని?" అంది టైలరమ్మ.

"నేనేమన్నా కొరికానా?" అన్నాడు మొగుడు, బూట్ల తాళ్లు కట్టుకుంటూ.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు మిషను తొక్కలేదు. రాళ్లన్నీ పైకి తీసి, వల పట్టుకుని పెత్తందారు వెంట పడింది. అది దొరికినట్టే దొరికి జారిపోయింది. చివరికి వల్లో పడి ఒక్క తన్ను తన్నేసరికి, ఆ సాయంత్రానికి ఇవ్వాల్సిన పట్టు గౌను మీద నీళ్లు చిందాయి. గౌను మరకలైతే అయింది, దొంగను మాత్రం బకెట్లో వేసి మూత పెట్టింది.

ఆ పూట తొట్టె ప్రశాంతంగా ఉంది. పసుపు చేప నడిమధ్యకు వచ్చి ఈదింది. మర్నాడు చూస్తే, అంతవరకూ ఎవరి జోలికీ పోని నారింజ రంగుది అదే గూట్లో కూర్చుని, అదే పసుపు చేపను తరుముతోంది.

"కుర్చీ ఖాళీగా ఉంటుందా అమ్మాయ్? ఒకడు దిగితే ఇంకొకడు ఎక్కుతాడు" అంది అత్తగారు.

"మీకు వేళాకోళంగా ఉంది అత్తయ్యా. నాకు ఏడుపొస్తోంది" అంది టైలరమ్మ. నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. జాలితో కాదు, కోపంతో.

పైగా పసుపు చేప మేత ముట్టడం మానేసింది. గొంతు కింద ఉబ్బింది. మిగతావి దవడ విరగ్గొట్టాయనుకుని ఆమె ఫోనులో ఫొటో తీసుకుని షాపుకు పరిగెత్తింది.

షాపాయన చూసి నవ్వాడు. "దెబ్బ కాదమ్మా. నోట్లో గుడ్లు పొదుగుతోంది. పిల్లలు బయటపడేదాకా ఏమీ తినదు."

"ఇన్ని తన్నులు తింటూనా?"

"మగవి ఆడదాన్ని తరమడంలో సగం గుడ్లు పెట్టించడానికే."

"ఆ ముక్క ముందే చెబితే మీ సొమ్మేం పోయేది?"

"మీరు తోక సంగతే అడిగారు కదమ్మా!"

ఆమె ఇంటికొచ్చి పసుపు చేపను గాలి గొట్టం పెట్టిన టబ్బులోకి మార్చింది. బకెట్లోని పెత్తందారును తానే మోసుకెళ్లి షాపాయన చేతికిచ్చి, బదులుగా ఆడచేపల్ని, ఆడవేనా అని నాలుగుసార్లు అడిగి మరీ, తెచ్చుకుంది. రాళ్లను మళ్లీ పేర్చింది. నారింజది ఇప్పటికీ తరుముతుంది గానీ, ఇందరిలో ఎవర్ని తరమాలో తేల్చుకోలేక మధ్యలోనే వదిలేస్తుంది. తోకలు మాత్రం చిరగడం లేదు. అంతకుమించి ఒరిగిందేమీ లేదు.

కొన్నాళ్లకు పసుపు చేప నోరు తెరిచి ఆవగింజల్లాంటి కళ్లున్న పిల్లల్ని వదిలింది. మొగుడు టబ్బు పక్కన గొంతుక్కూర్చుని మురిసిపోయాడు.

"ఇవి పెరిగితే ఇంకో తొట్టె కావాలి."

టైలరమ్మ దారం పంటితో పుటుక్కున తెంపింది. "కొనండి. కొని మీ బస్సులో పెట్టుకోండి. తగువులు మీరే తీర్చండి."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.