జాయింటు విరిగిన మినీలారీ

ముత్తియాల్‌పేటలో షామియానాలు, వంటపాత్రలు అద్దెకిచ్చే కొట్టు దామోదరన్‌ది, అతని తమ్ముడి భార్య తాయారుది. తమ్ముడు పోయాక ఆ వాటా ఆమెకు వచ్చింది. అది దామోదరన్‌కు గిట్టలేదు. ఉన్న ఒక్క మినీలారీని, తమిళం కలిసిన వాళ్ళ మాటలో 'వండి'ని, ఇద్దరూ నడిపేవారు.

కొన్నాళ్ళుగా బండి గేరు పడి కదలగానే కింద టక్కుమంటోంది. వేగం పెరిగితే కాళ్ళ కింద రేకు వణుకుతోంది. ఆ ఉదయం తాయారు ఇంజన్ ఆపి, చక్రాలకు రాళ్ళు అడ్డంపెట్టి కిందికి దూరింది. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టును చేత్తో తిప్పి చూసింది. వెనక జాయింటు లొడలొడలాడింది. దాని చుట్టూ ఎర్రటి తుప్పుపొడి.

"బావా, జాయింట్ క్రాస్ అరిగిపోయింది. మార్చేదాకా వండి తీయొద్దు."

"నువ్వు నడిపితే ఏదైనా అరుగుతుంది. నా తమ్ముడుండగా ఈ సద్దం యాడన్నా వచ్చిందా?"

"ఆయన్నెందుకు లాగుతారు? వంగి సూడండి."

"నువ్వు సెప్తే నేను వండి కింద దూరాల్నా?" తాళాలు లాక్కుని దామోదరన్ ఎక్కాడు. పిళ్ళైచావడిలో పెళ్ళివాళ్ళకు పాత్రలు చేర్చాలి. బేరం మాట్లాడింది తాయారు. తిట్టుకుంటూనే పక్కన కూర్చుంది.

"మెల్లగా పోండి."

ఆ మాట విన్నాకే అతను ఇంకా తొక్కాడు. ఊరు దాటాక కింద ఫెళ్ళుమంది. షాఫ్టు ఊడి రోడ్డును గీకుతూ రేకును దబదబా బాదసాగింది.

"కాలు తీయండి బావా! పక్కకు తిప్పండి!"

బండి ఇసుకలోకి దిగి ఆగింది. దామోదరన్ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "పొద్దున దూరినావే, అప్పుడే ఏదో లూజు చేసినావు. నన్ను సంపాలని సూసినావు!"

తాయారుకు ఒళ్ళు మండిపోయింది. "నేనూ ఇందులోనే కూచున్నా కదా! ఏం మనిషివయ్యా నువ్వు?" జీవితంలో మొదటిసారి అతన్ని ఏకవచనంలో పిలిచింది. సామాన్ల ఆటో పిలిచి పాత్రలెక్కించుకుని, అతన్ని ఎండలో వదిలి వెళ్ళిపోయింది.

మెకానిక్ ఎళిలరసన్ కొత్త క్రాస్ వేసి, వంగిన షాఫ్టు మార్చాడు. విరిగిన పాతది ముందుపెట్టి, "గ్రీజు లేక అరిగి విరిగింది, ఎవరూ లూజు చేయలేదు" అన్నాడు. దామోదరన్ మొహం తిప్పుకున్నాడు. మరదలు తనను చంపబోయిందనే వీధంతా చెప్పాడు.

తాయారు పెద్దమనుషుల్ని పిలవలేదు. తన వాటా పాత్రలు తీసుకుని రెడ్డియార్‌పాళయంలో వేరే కొట్టు పెట్టింది. దామోదరన్ దగ్గర ఎప్పుడూ అద్దెకు తీసుకునే ఇళ్ళను ఒక్కొక్కటిగా తనవైపు తిప్పుకోవడం మొదలుపెట్టింది.