కోటు గుండీ బంటు

పదకొండో కీబోర్డు దుమ్ము దులుపుతుండగా ఆమెకు మళ్ళీ ఆ గుర్రమే గుర్తొచ్చింది. గ్రంథాలయంలో కంప్యూటర్ల గది ఆయా ఆమె. యాభై నాలుగేళ్ళు, మొండికేసే మోకాళ్ళు, ముడిలో గుచ్చుకున్న పెన్సిలు. నేల మీద నలుపూ తెలుపూ పలకలు కనబడితే చాలు, నిలబడిపోయి ఎత్తులు వేసుకుంటుంది. అందుకే బావ ‘గళ్ళమ్మ’ అని పేరు పెట్టాడు. బావంటే అక్క మొగుడు, దర్జీ, ఆమెకు చదరంగం నేర్పిన గురువు. ఆ ఆటనే మూడేళ్ళుగా ఆమె పుస్తకాలు చూసి ప్రోగ్రాం రాస్తూ కంప్యూటర్‌కు నేర్పుతోంది.

రోజుకు ఒక్క ఎత్తు. భోజన విరామంలో కంప్యూటర్ చెప్పింది చీటీ మీద రాసుకుని సాయంత్రం ఇంటికి తీసుకెళ్తుంది. కిటికీ పక్క చదరంగం బల్ల మీద బావ బదులు వేస్తాడు. పదహారు ఆటలయ్యాయి, పదహారూ ఆయనవే. ఒక్కసారైనా ఆయన చేత ‘భేష్’ అనిపించుకోవాలి. ఈమధ్య ఆ తొందర ఎక్కువైంది. ఆయన చొక్కా భుజాల దగ్గర రోజురోజుకూ వదులవుతోంది.

మూడు రోజుల క్రితం కంప్యూటర్ గుర్రం చిక్కుకుంది. అప్పటినుంచి అది బంట్లను ఊరికే బలిపెడుతోంది.

“ఇల్లు తగలబడుతుంటే నీ మిషను కిటికీలు ఊడబీకి పారేస్తోందే!” నిన్న బావ దగ్గుతూనే నవ్వాడు.

“చిన్నపిల్ల బావా. బుద్ధొస్తుంది.”

“వచ్చేదాకా నన్నుండమంటావా?”

“ఉండక ఎక్కడికెళ్తావ్?”

ఇవాళ పొద్దున ఆయన కంచం పక్కకు తోసేశాడు. అక్క గదమాయిస్తే, “ఎదురుగా ఉందని తినాలా ఏంటి?” అన్నాడు.

విరామం గంట కొట్టారు. ఆమె డబ్బా మూత కూడా తీయలేదు. కంప్యూటర్ మళ్ళీ బంటునే ముందుకు తోయమంది. ఎందుకు? అది నాలుగు ఎత్తుల దాకే చూడగలదు. బంటును బలిస్తే గుర్రం చావు ఐదో ఎత్తుకు జరుగుతుంది. కనబడకపోతే జరగనట్టే! కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి! పావుల కొట్లాట సద్దుమణిగేదాకా లెక్క ఆపకూడదు, అంతే కదా! ఆ మాటే ప్రోగ్రాంలో రాసింది.

అయినా అది ఆ బంటునే తోయమంది. ఈసారి దాని ధీమా వేరు: బావ మంత్రి వచ్చి బంటును కొట్టి తీరుతుందట, తాను మంత్రిని కొట్టేస్తుందట. బావ అంత వెర్రిబాగులవాడా? ఎందుకు కొడతాడు, ఎదురుగా ఉందని...

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎదురుగా ఉందని కొట్టాలా ఏంటి! కొట్టక తప్పదని రాసింది తనే. కొట్టకుండా ఊరుకునే వీలు దానికి చెప్పనేలేదు. ఆ వీలిస్తూ ప్రోగ్రాంలో ఒక్క వాక్యం చేర్చింది.

కంప్యూటర్ గుర్రాన్ని దాని మానాన వదిలేసి, ఏనుగును ఖాళీ వరుసలోకి తెచ్చింది. ఆమె కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. పత్రిక చదువుకుంటున్న పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు.

“ఏమైందమ్మా?”

“బుద్ధొచ్చిందండీ!”

సాయంత్రం మోకాళ్ళ సంగతి మరిచి అడ్డసందుల వెంట పరుగులాంటి నడక నడిచింది. దారి పొడుగునా బావ మొహం ఎలా మారుతుందో ఊహించుకుంది.

గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి.

“నీకోసం మనిషిని పంపాం, ఎదురుపడలేదా?” అంది అక్క. తర్వాత గొంతు తగ్గించి, “మీ బావ రెండింటికి కాస్త నడుం వాల్చారే. మళ్ళీ లేవలేదు.”

ఆమె చాలాసేపు ఆయన పాదాల దగ్గర కూర్చుంది. తర్వాత కిటికీ దగ్గరికెళ్ళి, చెమటకు తడిసిన చీటీ విప్పి, ఏనుగును ఖాళీ వరుసలోకి జరిపింది. కంప్యూటర్ బలివ్వబోయిన ఆ బంటు, ఎప్పుడో తప్పిపోయిన చెక్క బంటుకు బదులు బావ పెట్టిన కోటు గుండీ, ఒక కంతలో ఇంకా నల్లదారం ముక్కతో, ఆయన మంత్రికి ఎదురుగా తన గడిలోనే ఉంది.