అంచు మీద నంబరు

త్రిమూర్తులు పెద్దకర్మ అయిన మర్నాడు, ఇంట్లో ఇంకా చుట్టాలు కాఫీలు తాగుతుండగానే, అతని సెల్‌కి చైనా నుంచి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది.

“హలో డియర్, మా కొత్త సంవత్సరం సెలవులు అయిపోయాయి. మీ పోకర్ చిప్స్ కొత్త డిజైన్ ప్రూఫ్ పంపుతున్నాను. ఒక్క సందేహం. అంచు మీద మీ కొట్టు పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. చిప్స్ మీద ఫోన్ నంబరు ఎవరూ వేయించుకోరు. ఉంచాలా, తీసేయాలా? ఐవీ.”

వీరవేణి ఆ సెల్ పట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చుంది. మొగుడు పోయి పన్నెండు రోజులు. మండపేటలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. కొవ్వూరు నుంచి, జంగారెడ్డిగూడెం నుంచి కూడా వచ్చి పలకరించి వెళ్ళారు. దేశం కాని దేశంలో ఉన్న ఈ ఐవీ ఒక్కతికే తెలియదు. ఆ పిల్ల లెక్కలో త్రిమూర్తులు ఇంకా కొట్లోనే ఉన్నాడు, ప్రూఫ్ చూసి జవాబిస్తాడు.

ఈ చిప్స్ గొడవకి మూలం అప్పాజీ గారు. ఆయనకి ఊరి చివర రైస్ మిల్లుంది. అక్కడ బస్తా మోసే ప్రతి మనిషికీ గుమ్మం దాటేటప్పుడు గుమస్తా ఒక బిళ్ళ చేతిలో పెడతాడు. సాయంత్రం ఎవరి దగ్గర ఎన్ని బిళ్ళలుంటే అన్ని బస్తాలు మోసినట్టు. ఇన్నాళ్ళూ అవి బజార్లో దొరికే ప్లాస్టిక్ బిళ్ళలే. పోయిన సార్వా పంటకి లారీ ఎక్కిన బస్తాల కంటే తిరిగొచ్చిన బిళ్ళలు ఎక్కువయ్యాయి. అప్పాజీ గారు ముందు బస్తాలు మోసే జట్టువాళ్ళని అనుమానించారు, తర్వాత గుమస్తాని, ఆఖరికి సొంత బావమరిదిని. ఏమీ తేలలేదు. ఇంతలో స్నేహితులతో గోవా వెళ్ళారు. అక్కడ పేకాట ఓడలో ఏం గెలిచారో ఏం పోగొట్టుకున్నారో చెప్పరు గానీ, అక్కడ డబ్బుకి బదులు వాడే బిళ్ళ, చిప్ అంటారు, అదొకటి మాత్రం జేబులో వేసుకొచ్చారు. చేతిలో పెట్టుకుంటే బరువు తెలిసేలా, గోకినా రంగు పోకుండా ఉంది. దాన్ని త్రిమూర్తులు బల్ల మీద టప్పుమని పెట్టారు.

“ఇలాంటివి రెండు వేలు కావాలయ్యా మూర్తీ, మన మిల్లు పేరుతో. వీటికి నకలు ఎవడు చేయిస్తాడో చూద్దాం.”

ఫ్లెక్సులు వేసుకునే కొట్టుకి పోకర్ చిప్స్ ఏంటండీ అని ఇంకొకడైతే దండం పెట్టేసేవాడు. త్రిమూర్తులుకి కాదనే మాట నోట్లోంచి రాదు. నెట్‌లో వారం రోజులు గాలించి చైనాలో ఒక ఫ్యాక్టరీని పట్టుకున్నాడు. అక్కడ ఆర్డర్లు చూసే అమ్మాయే ఈ ఐవీ. డిజైన్ వీరవేణి చేసింది. మధ్యలో వరి కంకి, చుట్టూ మిల్లు పేరు.

అసలు మూర్తి ఆర్ట్స్‌లో ఏ డిజైనైనా చేసేది వీరవేణే. పెళ్ళికి ముందు రాజమండ్రిలో డీటీపీ నేర్చుకుంది. బోర్డు మీద పేరు అతనిది, వచ్చే మెచ్చుకోలూ అతనిదే. “మూర్తి గారి చెయ్యి పడితే ఆ కళే వేరండి” అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాడు. చెక్క తడిక వెనక కంప్యూటరు ముందున్న మనిషికి ఆ మాట వినిపించేది. పదిహేడేళ్ళు వినిపించింది. ఒక్కనాడూ ఆమె పల్లెత్తు మాట అనలేదు. నన్నడిగితే, అనాల్సింది.

ఈ డిజైన్‌లో త్రిమూర్తులు వెలగబెట్టింది ఒక్కటే. అంచు మీద ఆవగింజంత అక్షరాల్లో తన కొట్టు పేరు, ఊరు, సెల్ నంబరు చేర్చమన్నాడు. అతన్నీ ఏమనడానికి లేదు. గోదావరి జిల్లాల్లో ఫ్లెక్సు వేసినవాడు కింద మూలన తన నంబరు వేసుకోకపోతే భోజనం పెట్టి మంచినీళ్ళివ్వనట్టు ఉంటుంది. నాయకుడి పుట్టినరోజైనా, ఓణీల ఫంక్షనైనా, జాతరైనా ఆ మూల మాత్రం కొట్టువాడిదే. అలవాటు పడ్డ మనిషి, పేకాట బిళ్ళ మీదా వేసేసుకున్నాడు.

జనవరి ఆఖరి వారంలో రాజమండ్రి వెళ్ళి ఇంకు డబ్బాలు తెచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు, మంచినీళ్ళు అడిగాడు. ఆమె గ్లాసు తెచ్చేసరికి ప్రాణం లేదు. నలభై ఆరేళ్ళు. మర్నాడు సెంటర్లో కట్టడానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సు కావాలన్నారు అతని స్నేహితులు. ఎవరు చేస్తారు? వీరవేణే కూర్చుంది. ఫోటో కత్తిరించింది, వెనక మబ్బులు పెట్టింది, రెండు పక్కలా దీపాలు పెట్టింది, తారీఖులు సరిచూసింది. కింద మూలన కొట్టు పేరూ నంబరూ ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నాయి. తీసెయ్యాలన్న ధ్యాసే ఆమెకి రాలేదు. ఆ విధంగా త్రిమూర్తులు తన చావు ఫ్లెక్సు కింద కూడా తన నంబరే వేసుకుని పోయాడు. జనం అది చూసి ఆ నంబరుకే ఫోన్ చేసి పలకరించారు. వీరవేణి అందరికీ “ఆయ్, అవునండి, నిన్న సాయంత్రమండి” అని చెప్పింది. కంట్లో చుక్క రాలేదు.

అత్తగారు సూరమ్మకి అదే బెంగ పట్టుకుంది. కొడుకు పోయాడన్న ఏడుపు ఒక పక్క, కోడలు ఏడవడం లేదన్న భయం ఇంకో పక్క.

“ఒక్కసారి ఏడవ్వే తల్లీ. లోపల పెట్టుకుంటే నువ్వూ దక్కవు” అనేది కంచం ముందు పెట్టి.

“ఏడుస్తాలెండి అత్తయ్యా” అనేది వీరవేణి, బట్టలు రేపు ఉతుకుతాలెండి అన్నట్టు.

ఏడవకూడదన్న పంతమేమీ ఆమెకి లేదు. ఏదీ తెలియడం లేదు, అంతే. పప్పులో ఉప్పు వేశారో లేదో తెలియడం లేదు. కాలికి బల్ల కోడు గీరుకుని రక్తం కారుతుంటే సూరమ్మ చూసి చెప్పాల్సి వచ్చింది.

అందుకని ఆ రోజు పెరటి గుమ్మంలో, మా ఆయన చనిపోయారని ఐవీకి రాయాలనుకుని కూడా రాయలేకపోయింది. ఇంగ్లీషు రాక కాదు, ఆ మాటకి మూడు ముక్కలు చాలు. వేళ్ళు కదల్లేదు. దాని బదులు, “కంకి ఇంకొంచెం పసుపు రంగులో ఉండాలి. మూర్తి” అని పంపింది. నంబరు సంగతి ఎత్తలేదు. పాత మెసేజుల్లోకి వెళ్ళి చూడలేదు. అక్కడ మొగుడున్నాడు. అతని మాటలు చదివే ఓపిక ఆమెకి లేదు.

గంటలో ఐవీ మార్చి పంపింది. “ఇప్పుడు బాగుందా డియర్? నంబరు ఉంచాలా, తీసేయాలా?”

అలా మొదలైంది. ఇరవయ్యో రోజుకల్లా వీరవేణి కొట్టు తెరిచింది. అప్పుడే బయటికొచ్చేసిందా అని వీధిలో ఇద్దరు ముగ్గురు మూతులు తిప్పారు. “తినడానికి మీ ఇంటికి పంపనా?” అని సూరమ్మ గుమ్మంలో నిలబడి అడిగేసరికి ఊరుకున్నారు. కొట్టు తీసి, బల్ల తుడిచి, అన్నిటికంటే ముందు ఐవీకి ఒక మార్పు చెప్పేది వీరవేణి. ఆకు కొంచెం వంగాలి. మిల్లు పేరు అక్షరాలు లావవ్వాలి. వద్దు, మళ్ళీ సన్నం చెయ్యాలి. కంకిలో గింజలు ఎక్కువైనట్టున్నాయి. ఐవీ ఒక్కసారీ విసుక్కోలేదు. ప్రతిసారీ మార్చి పంపేది, ప్రతిసారీ చివర నంబరు సంగతి అడిగేది. ఆ ఒక్కదానికీ వీరవేణి జవాబివ్వదు.

తను ఏం చేస్తోందో ఆమెకి తెలుసు. ఆర్డరు పూర్తయితే ఐవీ నుంచి మెసేజులు రావు. పూర్తి కానంత కాలం ఈ భూమ్మీద ఒక్క చోట త్రిమూర్తులు ఆర్డరు చూసుకుంటూ ఉన్నాడు, ఒక్క మనిషి అతన్ని డియర్ అని పలకరిస్తోంది. ఆ చోటు పోగొట్టుకోవడం ఆమెకి ఇష్టం లేదు. ఇష్టం లేదు అన్న ఒక్కటే ఆమెకి తెలుస్తోంది, మిగతా ఏదీ తెలియడం లేదు.

మార్చి నెలాఖరులో అప్పాజీ గారే స్వయంగా కొట్టుకొచ్చారు.

“ఏమ్మా వీరవేణీ, నా బిళ్ళలేయమ్మా? దాళ్వా కోతలకొచ్చేసింది. ఇంకో పదిహేను రోజుల్లో మిల్లు నిండా బస్తాలే.”

“ప్రూఫులో ఉందండి.”

“జనవరిలో మీ ఆయనా అదే అన్నాడు. ఏదీ, చూపించు.”

ఆమె తొమ్మిదో ప్రూఫ్ చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, స్క్రీనుకి ముక్కు ఆనించినంత పని చేసి చూశారు.

“బ్రహ్మాండంగా ఉంది కదమ్మా! ఇంకేం మార్చాలి?”

“కంకి ఇంకొంచెం…”

“వడ్లతో బతికేవాణ్ణి, కంకి నాకు నచ్చింది. ఇంక నీకేంటమ్మా బెంగ?” అంటూనే ఆయన అంచు చూశారు. అక్షరాలు పెద్దవి చెయ్యమన్నారు. చదివి ముందు పకపకా నవ్వారు. “ఓరి మూర్తీ! నా బిళ్ళ మీద కూడా వేసేసుకున్నావుటయ్యా!” తర్వాత నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టమమ్మా. నాకేం అభ్యంతరం లేదు. కానీ ఈ వారంలో అయిపోవాలి. లేదంటే మళ్ళీ ఆ ప్లాస్టిక్‌వే కొనుక్కుంటాను. ఏమీ అనుకోకు.”

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆర్డరు పోతే త్రిమూర్తులు పెట్టుకున్న చివరి పని గాల్లో కలిసిపోతుంది. ఆ మధ్యాహ్నం వీరవేణి ఐవీకి రాసింది, డిజైన్ బాగుంది, ఇంక మార్పులు లేవు అని.

“సంతోషం డియర్. అయితే రెండు విషయాలు. మీ దేశంలో కొరియర్ వాళ్ళకి సరుకు అందుకునే మనిషి గుర్తింపు కార్డు కావాలి. కార్డు లేక ఇంకో కస్టమరు పెట్టె మాకు తిరిగొచ్చింది, అందుకని ముందే అడుగుతున్నాం. మిస్టర్ త్రిమూర్తులు ఆధార్ పంపండి. కొరియర్ వాళ్ళు ఫోన్ చేసి ఆయనతోనే మాట్లాడతారు. రెండోది, నంబరు ఉంచాలా, తీసేయాలా?”

త్రిమూర్తులు ఆధార్ సొరుగులోనే ఉంది. దాని జిరాక్సులు ఈ రెండు నెలల్లో ఎన్నో చోట్ల ఇచ్చింది వీరవేణి, ప్రతిచోటా మరణ ధ్రువపత్రంతో కలిపి. ఇక్కడా ఒక్క కార్డే పంపి ఊరుకోవచ్చు. కానీ కొరియర్ వాడు ఫోన్ చేసి మూర్తి గారున్నారా అంటే ఎవర్ని చూపిస్తుంది? కార్డు మళ్ళీ సొరుగులో పెట్టేసింది. ఇంక దారి లేదు.

“అందుకునే మనిషి పేరు మార్చాలి. త్రిమూర్తులు గారు చనిపోయారు. జనవరిలో” అని రాసి పంపింది.

ఏదో అవుతుందనుకుంది. ఏమీ కాలేదు. వెనక ఫ్లెక్సు మిషను ఎవరిదో గృహప్రవేశం అచ్చు వేస్తూ అటూ ఇటూ తిరుగుతోంది. ఐవీ టైప్ చేస్తున్నట్టు కనిపించింది, ఆగిపోయింది, మళ్ళీ కనిపించింది.

“చాలా బాధగా ఉంది. మీరు వేణి కదా?”

వీరవేణి ఉలిక్కిపడింది. ఆ పేరు ఆ పిల్లకి తనెప్పుడూ చెప్పలేదు.

“ఆయన ప్రతి ప్రూఫ్‌కీ, ఆగండి, వేణిని అడగాలి అనేవారు. ఫిబ్రవరి నుంచి ఎవరూ వేణిని అడగడం లేదు. అందుకని వేణే రాస్తోందేమో అనుకున్నాను. అడిగే ధైర్యం లేకపోయింది. మీరు మార్చమన్నప్పుడల్లా మార్చాను.”

దాని కింద ఐవీ డిసెంబరు నాటి పాత మెసేజ్ ఒకటి వెతికి పెట్టింది. త్రిమూర్తులుది. తప్పుల తడక ఇంగ్లీషు. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

“మేడమ్ గారూ, రంగుల సంగతి నన్నడక్కండి. డిజైన్లన్నీ నా భార్య వేణివి. పదిహేడేళ్ళ నుంచీ తనవే. నాకు తిన్నగా గీత గియ్యడం కూడా రాదు. ఊళ్ళో అందరూ నన్ను మెచ్చుకుంటారు, నేను నోరు మూసుకుని తీసుకుంటాను. మా వేణి చాలా పెద్ద ఆర్టిస్టు మేడమ్. ఈ మాట తనకి చెప్పకండి.”

వీరవేణికి ముందు వచ్చింది కోపం. రెండు నెలల తర్వాత ఒంట్లోకి వచ్చిన మొదటి సంగతి అదే.

“దొంగ సచ్చినోడా” అంది పైకే. “చైనా దాకా వెళ్ళి చెప్పావు. మండపేటలో ఒక్కడికి చెప్పలేకపోయావా? తడిక ఇవతలున్నాను కదా, నాకు చెప్పలేకపోయావా?”

ఆ మాట సగంలో ఉండగానే ఏడుపొచ్చేసింది. గొంతు పెద్దదై, మిషను చప్పుడు దాటి వీధిలోకి వినిపించేలా ఏడ్చింది. బల్ల మీద తల పెట్టుకుని, అతను లేడు, ఇంక రాడు, దెబ్బలాడదామన్నా దొరకడు అని తెలిసి ఏడ్చింది. చాలాసేపటికి తలెత్తి, చెంగుతో స్క్రీను మీద తడి తుడిచి, ఐవీకి రాసింది: “నంబరు ఉంచండి. ఆ ఫోన్ ఇప్పుడు నేను ఎత్తుతున్నాను.” తన ఆధార్ ఫోటో తీసి పంపింది.

ముందు గదిలో ఎవరో వచ్చి ఎంతసేపైందో, చెప్పులు విడిచి బిక్కచచ్చి నిలబడి ఉన్నాడు. చేతిలో చంటిపిల్ల ఫోటో. ఆమె తడిక దాటి రావడం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

“తర్వాత వస్తానండి… పాప పుట్టినరోజు ఫ్లెక్సండి. మూర్తి గారు పోయారని ఇప్పుడే పక్క కొట్లో చెప్పారండి. డిజైన్లు ఆయనలా చేసేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారాండి?”

“కూర్చోండి” అంది వీరవేణి. కళ్ళలోంచి నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. “మొదట్నుంచీ చేస్తోంది నేనేనండి.”