ఇసుకలో రెండో జత అడుగులు

తెల్లవారుజామున వాకిలి ఊడవందే దొర్కాకి నోట ప్రార్థన కూడా సరిగా రాదు. మమెలోడి పేటలో ఆ వీధి ఆడవాళ్ళందరిదీ అదే వరస. ఇసుక నేల మీద చీపురు గీతలు దువ్విన తలలా పక్కపక్కనే పడాలి. చెదిరిన వాకిలిని చూసి, ముందురోజు ఆ ఇంటికి ఎవరొచ్చారో, ఎవరు అలిగి వెళ్ళారో దారిన పోయేవాళ్ళు చెప్పేస్తారు.

దొర్కా వాకిట్లో కొన్ని పొద్దుటిపూటలు మగవాడి బూటు గుర్తులు కనపడేవి. మొనదేలిన బూట్లు. కాసిని అడుగులు ఇటు, ఒక గిరికీ, కాసిని అడుగులు అటు. అవి ఆమె మొగుడు మటోమెవి. మట్టిలో పెట్టి ఏళ్ళు దాటినా, పక్కింటి రేడియోలో తనకిష్టమైన జాజ్ పాట మోగితే చాలు, వచ్చి ఆడి వెళ్ళేవాడు. మనిషి కనపడడు, అడుగులే.

"నిన్న మీ ఆయన మంచి హుషారు మీదున్నట్టున్నాడు దొర్కక్కా," అనేది పక్కింటి జోహన్నా గోడ మీంచి తొంగిచూసి.

"ఆయనకేమ్మా, మోకాళ్ళ నొప్పులా పాడా," అనేది దొర్కా, ఊడుస్తూనే.

పాస్టరుగారు ఇంటికొచ్చినా అంగీ అంచు ఎత్తిపట్టుకుని, అడుగులు తొక్కకుండా పక్కనుంచి నడిచి లోపలికొచ్చేవారు.

దొర్కాకి అనుమానం మొదలైంది ఒక గురువారం సాయంత్రం.

గురువారం మధ్యాహ్నం ఆడవాళ్ళ ప్రార్థన. ఆ ప్రార్థనకి అందరూ తొడిగే ఎర్ర జాకెట్టు, తెల్ల టోపీ వేసుకుని వెళ్ళి, పొద్దువాలేవేళకి తిరిగొచ్చింది. గేటు తీయగానే కాళ్ళు ఆగిపోయాయి. వాకిలి ఊడ్చి ఉంది! సందెవేళ ఎవరైనా ఊడుస్తారా? అందులోనూ ఇంట్లో ఉన్నది మనవరాలు ఫెలాడి ఒక్కత్తే. ఆ పిల్ల చీపురుని అడ్డం వస్తే దాటుతుందే తప్ప చేత్తో ముట్టింది లేదు.

"ఏమే, వాకిలి నువ్వు ఊడ్చావా?"

"ఆఁ. గాలికి ఆకులు పడ్డాయి అమ్మమ్మా."

"ఏ గాలి? అంత దూరం నడిచొచ్చాను, నా టోపీ కూడా కదల్లేదు."

ఫెలాడి సంకటి కుండ మూత తీసి ఆవిరిలో మొహం దాచుకుంది.

దొర్కా నెమ్మదిగా మాట్లాడే మనిషి, నెమ్మదిగానే వెతికింది. చేతులు కడుక్కునే నెపం మీద కుళాయి దగ్గరికి వెళ్ళింది. తడి ఇసుకలో చీపురుకి దొరకని గుర్తు ఒకటి మిగిలిపోయింది. మటోమె బూటు మొన. దాని పక్కనే, ఆనుకుని, చిన్న గుండ్రటి గుంట.

ఆడమనిషి ఎత్తుమడమ.

ఆ రాత్రి దొర్కాకి నిద్ర రాలేదు. మటోమె ఆదివారాల రికార్డుల సంఘంలో డీజే. సభ్యులు వారానికొక ఇంట్లో చేరతారు, ఎవరి రికార్డులు వాళ్ళు తెచ్చి వంతులవారీగా వేస్తారు, మిగిలినవాళ్ళు మెరిసే బూట్లతో స్పీకరు పెట్టెల ముందు ఆడతారు. గుడికెళ్ళే మనిషినని దొర్కా ఏనాడూ కాలు కదపలేదు. తన ఇంట్లో వంతు వచ్చినప్పుడు వంటింటి తెర పక్కకి జరిపి చూసేది, అంతే. అలా చూసి పేర్లు, నడకలు అన్నీ గుర్తుపెట్టుకుంది. ఎవరు ఎలా తిరుగుతారో, ఎవరి చూపు ఎక్కడ ఆగుతుందో. లిలియన్ అనే ఆవిడ చూపు ఎప్పుడూ రికార్డు పెట్టే మటోమె చెయ్యి మీదే ఆగేది.

బతికున్నంతకాలం గుట్టుగా ఉన్నాడు. చచ్చాక నా వాకిట్లోకే తెచ్చాడన్నమాట. ఈ పిల్లకి అంతా తెలుసు, తాత పరువు కాపాడటానికి ఊడ్చేస్తోంది.

అసలే ఆ పిల్ల మీద కోపంగా ఉంది. నర్సు చదువుకి సీటు వచ్చింది. పోనంటుంది. తాత రేకుల షెడ్డులో వదిలివెళ్ళిన పెట్టెలు, రికార్డులు ముందేసుకుని డీజే అవుతానంటుంది. ఎందుకే అంటే నోరు విప్పదు. అందుకే దొర్కా ఆ సామానంతా మటోమె స్నేహితుడు ఫినియస్ కి ఇచ్చేస్తానని మాటిచ్చింది. చెట్టు కొట్టేస్తే పిట్ట అదే ఎగిరిపోతుందని.

ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి ఫినియస్ గేటు దగ్గరే ఉన్నాడు, చేతికర్ర తిప్పుతూ.

"వచ్చే శనివారం బండి తెస్తాను వదినా. మళ్ళీ మనసు మార్చుకోకు."

"మార్చుకోను గానీ," అంది దొర్కా, లోపలికి పిలిచి టీ అందిస్తూ, "ఒక మాట చెప్పు. అసలు మనుషులు ఈ డీజేలు ఎందుకవుతారయ్యా? ఏముంది అందులో?"

ఫినియస్ టీలో బిస్కత్తు ముంచుతూ నవ్వాడు. "నేనైతే బీరు కోసం. డీజేకి ఎవడూ లేదనడు. కొందరికి, నేను చెయ్యి ఎత్తితే పదిమంది లేస్తారన్న తిమ్మిరి. మటోమె సంగతి వేరు. వాడికి సిగ్గు. నలుగురిలో నిలబడితే నోట మాట పెగిలేది కాదు. పెట్టె వెనక నిలబడ్డవాణ్ణి ఎవరూ మాట్లాడమని అడగరు గదా."

"ఆడవాళ్ళ కోసం కాదూ?"

"అయ్యయ్యో... వాడా!"

"లిలియన్ ఎలా ఉంది?"

బిస్కత్తు విరిగి టీలో పడిపోయింది. ఫినియస్ చెంచాతో దాన్ని వెతుకుతూ ఉండిపోయాడు. "ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది వదినా, ఎప్పుడో. నాకేం తెలుసు?" అని, టీ పూర్తిచెయ్యకుండానే లేచాడు.

తెలిసినవాడే తెలీదంటాడు, అనుకుంది దొర్కా.

మళ్ళీ గురువారం వచ్చింది. ఎర్ర జాకెట్టు వేసుకుంది, టోపీ పెట్టుకుంది, బైబిలు చంకలో పెట్టుకుంది. "వెళ్ళొస్తానే," అంది గట్టిగా. వీధి మలుపు దాకా వెళ్ళి, అరటిపళ్ళమ్మి గొడుగు కింద కాసేపు కూర్చుని, ప్రభువా క్షమించు అనుకుంటూ వెనక్కి తిరిగింది. పాట సగం వీధిలోనే వినపడింది.

ఫెలాడి షెడ్డు ముందు నిలబడి ఉంది. చెయ్యి రికార్డు మీద, చూపు నేల మీద. డాన్సు చూసే కళ్ళు కావవి. జ్వరం దిగిందా లేదా అని బిడ్డ నుదురు చూసే కళ్ళు. ఇసుకలో మొనదేలిన బూట్లు గిరికీ కొట్టాయి. వాటికి ఎదురుగా, చిన్న ఎత్తుమడమలు.

"ఎవరే అది?"

ఫెలాడి ఉలిక్కిపడి చీపురు అందుకుంది. దొర్కా ఆ చీపురు మీద కాలేసి నొక్కిపట్టింది.

"ఎన్నాళ్ళు ఊడ్చి దాస్తావు? లిలియనే కదూ?"

"లిలియన్ ఎవరు?" అంది ఫెలాడి. అని, ఏడుపు ఆపుకోలేక, "అమ్మ," అంది.

దొర్కాకి వెంటనే అర్థం కాలేదు. ఫెలాడి షెడ్డులోకి వెళ్ళి నల్లటి ఎత్తుమడమల జోళ్ళు తెచ్చింది. దొర్కా కూతురు హునాడి, పాలు మరవని ఫెలాడిని తల్లి ఒళ్ళో పెట్టి, డర్బన్ లో హోటలు పనికని వెళ్ళేటప్పుడు వదిలిన జోళ్ళు. కొన్నాళ్ళు ఫోను మోగింది. తరవాత మూగబోయింది. ఉందో లేదో చెప్పినవాళ్ళు లేరు.

"గుర్తులో పెట్టి చూశాను అమ్మమ్మా. అతికినట్టు సరిపోయింది."

దొర్కా ఆ జోళ్ళు చేతిలోకి తీసుకుంది. పోయినవాళ్ళే గదా వట్టి అడుగులతో వస్తారు.

"మిగతావాళ్ళు ఎందుకు డీజేలవుతారో నాకు తెలీదు," అంది ఫెలాడి. "నువ్వు ప్రార్థనకి వెళ్ళినప్పుడల్లా ఒక్కో రికార్డూ వేసి చూస్తున్నాను. పాట అయిపోయినా అమ్మ అడుగు పడకపోతే, హమ్మయ్య, బతికుంది అనుకునేదాన్ని. ఈ పెట్టెలోవి అయిపోతే ఊళ్ళోవాళ్ళవి, ఊళ్ళోవి అయిపోతే పైఊళ్ళవి. ఏ పాటకీ రాదని తేలేదాకా వెయ్యాలనుకున్నా. ఇదిగో, ఈ పాటకి వచ్చేసింది. నీకెలా చెప్పను? అందుకే ఊడ్చేశా."

పాట అయిపోయింది. సూది గరగరలాడుతోంది.

దొర్కా కళ్ళజోడు తీసి, జాకెట్టు అంచుతో తుడిచి పెట్టుకుంది. ప్రార్థనకి వంచినట్టే మోకాళ్ళు వంచి ఇసుకలో కూర్చుంది.

"మళ్ళీ వెయ్యి."

"వద్దు అమ్మమ్మా..."

"వెయ్యమన్నానా."

పాట మొదలైంది. దొర్కా మొహానికి జానెడు దూరంలో అడుగులు పడసాగాయి. కుడి, ఎడమ, కుడి. తిన్నగా, బాణాల్లా. తిరిగేటప్పుడు ఎడమ మడమ సిగరెట్టు పీక నలిపినట్టు ఇసుకని నలిపింది. మళ్ళీ తిరిగింది, మళ్ళీ నలిపింది.

హునాడి పసిపిల్లగా ఉన్నప్పుడు పొయ్యి మీది సంకటి కుండ కుడికాలి మీద పడింది. కాలిన పుండు మానింది గానీ పాదం లోపలికే తిరిగిపోయింది. పరుగెత్తినా, గెంతినా, ఏ జోళ్ళేసినా ఆ కుడి బొటనవేలు ఎడమకాలి వైపే చూసేది. ఆ కాలికి నూనె రాసిన చేతులు ఇవి. ఆ సంగతి ఈ పిల్లకి ఎవరు చెప్పారు? తనే చెప్పలేదు. హునాడి పేరెత్తితే ఏడుపొస్తుందని, ఇంటి సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పే తనే ఆ ఒక్కటీ దాచుకుంది.

"లిలియన్!" అంది దొర్కా. "ప్రభువా, నీకు స్తోత్రం! ఇది హునాడి కాదే, లిలియనే! ఆ మడమ నలుపుడు దానిదే!"

కేకలకి జోహన్నా గోడ మీద తల పెట్టింది. "ఏమైంది దొర్కక్కా?"

"మా ఆయన పరాయిదానితో ఆడుతున్నాడే!"

"అయ్యో! మరి నవ్వుతావేమమ్మా?"

దొర్కా అప్పటికే మనవరాలిని ఇసుకలోకి లాక్కుని, కుడికాలి కథంతా మొదటినుంచి చెబుతోంది. అంతా అయ్యాక, "పాపం, లిలియనూ పోయిందన్నమాట," అంది. "వచ్చే గురువారం దానికీ ఒక ప్రార్థన చేస్తాను."

శనివారం ఫినియస్ బండి తెచ్చాడు. లిలియన్ మాట ఎత్తుతుందేమోనని దూరంగా నిలబడ్డాడు. పెట్టెలు ఎక్కించారు, రికార్డులు ఎక్కించారు. ఆఖరున ఫెలాడి ఎక్కి కూర్చుంది.

"ఇదేంటి వదినా, పిల్ల కూడానా?"

"నీకిస్తానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రేపు సంఘంలో దీనికి వంతు ఇప్పించు. తరవాత డర్బన్ వెళ్ళే బండి ఎక్కించు. అక్కడా మీలాంటి పిచ్చివాళ్ళు ఉంటారుగా?"

"లేకేం!" అన్నాడు ఫినియస్, ఊపిరి వదిలి.

దొర్కా నల్ల జోళ్ళు కాగితంలో చుట్టి మనవరాలి ఒళ్ళో పెట్టింది. "ఇన్నాళ్ళూ పోయినవాళ్ళ కోసం వేశావు. ఇక బతికున్నవాళ్ళకి వినపడేలా వెయ్యి. వాళ్ళు అడుగులొక్కటే పంపరు, మనిషే వస్తారు. ముందు కుడికాలు చూడు, తరవాతే మొహం చూడు."

ఇప్పుడు కూడా దొర్కా తెల్లవారుజామున చీపురు పట్టుకుని వాకిట్లోకి వస్తుంది. వెంటనే ఊడవదు. వంగి చూస్తుంది. మొనదేలిన బూట్లు ఉంటాయి కొన్నిసార్లు. వాటి పక్కన తిన్నని మడమలు. "ఉన్నారా ఇద్దరూ, సరే," అంటుంది. గేటు దాకా, కుళాయి దాకా, గోడ మొదలు దాకా వెతుకుతుంది, లోపలికి తిరిగిన కుడిపాదం ఒక్కటి ఎక్కడైనా పడిందేమోనని.

లేదు. ఈ పొద్దూ లేదు.

అప్పుడు నోట కీర్తన వస్తుంది, చీపురు కదులుతుంది. ఆడుతున్నవాళ్ళిద్దర్నీ ఏమీ అనకుండా, వాళ్ళ చుట్టూతా ఊడుస్తుంది.