కడ్డీలు తీసేసిన దారి

క్రేన్ ఎటు తిరగాలో, లారీ ఎక్కడ ఆగాలో, మనుషులు ఏ దారిన నడవాలో ముందే కంప్యూటర్‌లో కట్టి చూపించడం ఆమె పని. తలకు ఆ బరువైన కళ్ళద్దాలు తగిలించుకుంటే పునాదులైనా పడని భవనంలో తిరిగి రావచ్చు. సైటులో అందరూ ఆమెను అద్దాలమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ఆమె మరిదే. అతనికి అక్కడ వెల్డరు పని ఇప్పించింది ఆమే.

క్రేన్ నుంచి జారిన ఇనుప పలకలు ఆ మరిది మీదే పడ్డాయి. మనుషులు నడిచే దారి నిండా ఆ పొద్దున ఎవరో కడ్డీల కట్టలు దింపించారు. చుట్టూ తిరిగి పోబోయి అతను క్రేన్ కిందికి వెళ్ళాడు.

"విచారణకు వస్తున్నారు. జరిగింది కట్టి చూపించాలి. ఆ కడ్డీలు మాత్రం వద్దు," అన్నాడు మేనేజరు.

"దారికి అడ్డంగా ఉన్నాయి కదా సార్."

"పోయినవాడు ఎటూ తిరిగిరాడు. ఉన్నవాళ్ళ కడుపు కొట్టకమ్మా. నీ తోడికోడలికి ఆఫీసులో పని ఇప్పించే పూచీ నాది."

చిన్నపిల్లతో ఆమె ఎలా బతుకుతుందోనన్న బెంగ అద్దాలమ్మను అప్పటికే తినేస్తోంది. కట్టలు తీసేసింది.

మర్నాడు తోడికోడలే ఆఫీసుకు వచ్చింది.

"ఆయన పోయిన చోటు చూడాలక్కా. లోపలికి రానివ్వట్లేదు. నీ అద్దాల్లో కనిపిస్తుందట కదా?"

"వద్దే, తట్టుకోలేవు."

"ఇంట్లో కూర్చుని తట్టుకుంటున్నానా?"

కుర్చీలు గోడవారకు జరిపి అద్దాలు తగిలించింది. పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకున్న, ముఖం లేని బొమ్మ నడుస్తోంది. తోడికోడలు రెండు చేతులూ చాచి గాలిలో వెతికింది. బొమ్మ దారి వదిలి పక్కకు మళ్ళింది.

"ఆగండి... అటు కాదు!" అని అరిచింది.

అద్దాలు లాగేసరికి ఆమె ముఖం కందిపోయి ఉంది.

"అంత దారి ఖాళీగా పెట్టుకుని దాని కిందికెందుకు పోయాడక్కా? ఫోన్ చూసుకుంటూ పోయాడా? మేమిద్దరం గుర్తే రాలేదా వాడికి?"

మొగుణ్ణి 'ఆయన' అని తప్ప ఎన్నడూ అనని మనిషి. అద్దాలమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని కట్టలన్నీ ఒక్కొక్కటే తిరిగి దారిలో పెట్టింది.

"మళ్ళీ చూడు."

ఈసారి తోడికోడలు కదలకుండా నిలబడిపోయింది.

"ఇవి ఇందాక లేవు."

"నేనే తీసేశాను."

తోడికోడలు అద్దాలు మెల్లగా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

విచారణలో అద్దాలమ్మ కడ్డీలతో సహా చూపించింది. తప్పు కంపెనీదేనని తేలింది. మేనేజరును ఇంకో సైటుకు పంపారు. ఆమెను మాత్రం రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. తోడికోడలికి ఇస్తామన్న పని ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆమె బిడ్డను తీసుకుని అన్నగారింటికి చేరింది.

అద్దాలమ్మ అప్పుడప్పుడు అక్కడికి వెళుతూ ఉంటుంది. పిల్ల "పెద్దమ్మా" అంటూ పరుగున వచ్చి ఒళ్ళో వాలుతుంది. తోడికోడలు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోతుంది.