రెండో ఆటలో సుజాత లేదు

చచ్చిపోయిందని ఎంత తేలిగ్గా అన్నాడు ఆ గడ్డపాయన, గుర్రమైనా దిగకుండా, ఆ వైద్యురాలా, యుద్ధంలోనే పోయింది గదా అని, అన్నాక ఆగనైనా ఆగలేదు, నేను మూడో మాట కూడబలుక్కునేలోపే తెర కింద వచ్చిన అక్షరాలు మాయమై వాన గురించి మొదలుపెట్టాడు, వాన మాత్రం బాగుంది, నిజం చెప్పాలి, పాత ఆటలో వాన అంటే నీలం గీతలు, ఇందులో గుర్రం మెడ మీద నీళ్లు జారడం కూడా కనిపిస్తుంది, ముఖాల మీద ముడతలు కూడా పెట్టారు, నా వయసు ఆడమనిషి ఒకతి రొట్టెలు కాలుస్తుంటే ఆమె చేతి నరాలు చూసి ముచ్చటపడ్డాను, కానీ సుజాత లేని వానను ఏం చేసుకోను, నిన్నటి నుంచి ముద్ద దిగడం లేదు, కోడలు శశికళ అయితే, కంప్యూటర్ల బొమ్మ సచ్చిపోతె గింత పరేషానా అత్తమ్మా, నీ మనుమరాలు నౌకరికి పోతున్నదని బెంగ గది, బొమ్మ మీద పెడుతున్నవ్ అంటుంది, పప్పు గరిటె నా వైపే చూపిస్తూ, అనేది నిజమేనేమో, కానీ రెండు బెంగలూ ఒకే కడుపులో ఉన్నప్పుడు ఏది ఏదో నాకెలా తెలుస్తుంది.

ఆ బొమ్మకు సుజాత అని పేరు పెట్టింది నేనే మరి, జనగామ బజారులో మా కిరాణా దుకాణం బిల్లులకని నా కొడుకు రామ్మోహన్ కంప్యూటరు కొన్న ఏడాది, వాడి బిడ్డ రచన తొమ్మిదో తరగతి, ఎవరితోనో హైదరాబాదు నుంచి ఆ ఆట తెప్పించుకుంది, దండు కట్టుకుని ఊరూరా తిరిగే ఆట, కత్తి పట్టేవాడొకడు, తాళాలు తీసేవాడొకడు, మందులిచ్చే ఆడపిల్ల ఒకతి, ఎవరి వేషం వేసుకోవాలో, ఎవరితో ఎట్లా నడుచుకోవాలో అంతా మన ఇష్టం, గీ పిల్లకు నువ్వు పేరు పెట్టు బాపమ్మా అంటే నా నోట నా చెల్లెలి పేరే వచ్చింది, మహబూబాబాద్‌కు ఇచ్చిన చెల్లెలు, పోయి అప్పటికే చాలా ఏళ్లు, ఇంగ్లీషు అక్షరాలు నాకు నూనె డబ్బాల మీద, సబ్బు పెట్టెల మీద వచ్చినవి, తెలుగూ అంతే, పొట్లాలకు తెచ్చిన పాత పేపర్లను చింపేముందు చదివి నేర్చుకున్నదే, బడి ముఖం చూడలేదు, అందుకే నా చదువు నిదానం, ఎవరైనా పక్కన నిలబడి తొందరపెడితే అక్షరాలన్నీ కలిసిపోతాయి, కానీ ఆ ఆటలో మనుషులు ఒక మాట అని, నేను బటన్ నొక్కేదాకా అలాగే నిలబడేవాళ్లు, నేను పోయి చింతపండు తూచి వచ్చినా, తరిగొప్పుల నుంచి వచ్చిన గిరాకీతో ముచ్చట పెట్టి వచ్చినా, తెలియని మాటకు అర్థం చెప్పడానికి రచన బడి నుంచి వచ్చేదాకా కూర్చున్నా, సుజాత అదే మాట పట్టుకుని నా ముఖంలోకి చూస్తూ ఉండేది, నా బతుకులో అట్లా ఎవరు నిలబడ్డారు, అందరూ సగం మాట చెప్పి బస్సో రైలో ఎక్కినవాళ్లే.

ఈ రెండో ఆటలో అందరికీ గొంతులు పెట్టారు, గొంతు వచ్చాక ఇక ఆగరు, గడగడా చెప్పుకుపోతారు, అందులోనూ రాజులు, మంత్రులు ఒక రకంగా మాట్లాడతారు, దొంగలు, తాగుబోతులు, గాడిదలు తోలేవాళ్లు ఇంకో రకంగా, ముక్కలు ముక్కలుగా, అంత వేగంలో నాకు మాట అందకపోయినా ఆ తేడా చెవికి తెలిసింది, రచననడిగితే పడీ పడీ నవ్వింది, మంచిగ గుర్తువట్టినవ్ బాపమ్మా, గది ఆ దేశం పల్లెటూరోళ్ల యాస, సినిమాల మనల్ని ఎట్ల పెడ్తరో గీండ్ల గాళ్లను గట్ల పెట్టిండ్రు అంది, నవ్వాను గానీ లోపల చివుక్కుమంది, ఇక అంగళ్ల సంగతి చెప్పకూడదు, పాత ఆటలో రేవు ఊళ్లో ఉప్పు చవక, కొండ ఊళ్లో ప్రియం, సుజాతకు మంచి మందుల సంచి కొనాలని నేను రేవుకూ కొండకూ మధ్య ఎంత తిరిగానో, యుద్ధానికి పొమ్మని ఆట మొత్తుకుంటుంటే దండు చేత ఉప్పు మోయించాను, అగో, లోకం మునుగుతుంటె నీ ఉప్పు బేరమేంది బాపమ్మా అని రచన తల పట్టుకునేది, కొత్తదాంట్లో ఏ ఊరికి పోయినా ఉప్పు ఒకటే ధర, ఇది చేసినవాడు ఎన్నడూ దుకాణంలో కూర్చున్నవాడు కాదు.

ఇట్లా సణగకూడదు, తాను పోయాక నాకు తోడుంటుందని పిల్ల ఈ ఆటను ఏరి కోరి తెచ్చింది, చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఇంజినీరు ఉద్యోగం, దసరాకు ముందే పోవలసింది, సకల జనుల సమ్మెతో ఆగింది, బస్సులు లేవు, బడులు లేవు, భూపాలపల్లిలో బొగ్గు బావులు ఆగితే ఇక్కడ మా దుకాణంలో దీపం వెలగదు, అయినా మా బజారులో విసుక్కున్న మనిషి లేడు, నేనూ ఆడవాళ్ల దీక్షా శిబిరంలో కూర్చున్నాను, మెడలో దండ వేశారు, జై తెలంగాణ అని గట్టిగానే అన్నాను, విడిపోదాం అనే మాట దగ్గర మాత్రం ఊరికే పెదవులు కదిలించేదాన్ని, రాష్ట్రం రావాలని లేక కాదు, ఆ మాటంటేనే నాకు దడ, రామ్మోహన్ కనిపెట్టి, గిది పోవుడు గాదే అమ్మా, మన ఇంటికి మనం వచ్చుడు అన్నాడు, వాడికేం, సులువుగా అంటాడు, సమ్మె ఉన్నన్నాళ్లూ పిల్ల ఇంట్లోనే ఉందని నేను లోపల్లోపల మురిసిపోయాను, ఆ సంగతి శిబిరంలో ఎవరికైనా తెలిస్తే ఏమనుకునేవాళ్లో, ఇప్పుడు బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి, వాకిట్లో పిల్ల సంచులున్నాయి, ఆటోకు మనిషి పోయాడు, రచన వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది, తడి జడ నా భుజానికి తగిలింది, సుజాత ఎందుకు సచ్చిందో తెలిసింది బాపమ్మా, నువ్వే సంపినవ్, పాత ఆట నువ్వు ముగించలే గద, ఆఖరిదాంక ఆడినోళ్లకే గా మనుషులు కొత్తదాంట్లకు వస్తరు, ముగించకుంటె సచ్చిపోయినట్టు లెక్క, ఇన్నేండ్ల సంది ఏటి ఒడ్డున నిలబెడితివి, ఎట్ల బతుకుతది పాపం, కరెంటున్నప్పుడే నొక్కు, నేను జూస్త అంది, నువ్వు జూడకు, పో, మీ అమ్మ పిలుస్తున్నది అన్నాను, ఎవరూ పిలవలేదు, అయినా పోయింది.

అవును, నిలబెట్టాను, యుద్ధం గెలిచాక దండు ఏటి ఒడ్డుకు వస్తుంది, నేనిక పోనా అంటుంది సుజాత, కింద పోయిరా అని బటన్ వెలుగుతుంది, నేను నొక్కను, వెనక్కి తిరిగి ఊళ్లోకి నడుస్తాను, ఆమె నా వెంటే వస్తుంది, మళ్లీ రేవు, మళ్లీ కొండ, మళ్లీ ఉప్పు, నొక్కితే తెర నల్లబడుతుంది, అంతటితో సరి అని నా భయం, జనగామ స్టేషనులో అంతే గదా, చెల్లెలు ప్యాసింజరు కిటికీలోంచి చేయి చాపి, అక్కా, గది కాదు గని అంటూ ఏదో చెప్పబోయింది, రైలు కదలడం చూడలేక నేను అరటిపండ్ల బండి వైపు తిరిగాను, మళ్లీ ఇటు చూస్తే ఖాళీ పట్టాలు, ఆ చలికాలమే జ్వరంతో పోయింది, అప్పటినుంచి ఎవరు ఊరికి బయల్దేరినా నాకు ఆ పట్టాలే కళ్లలో పడతాయి, లోపలికి పోయి చేటలో బియ్యం పోసుకుని కూర్చుంటాను, ఇంట్లో అందరికీ అలవాటైపోయింది, ఇవాళ కూడా చేట తీసి పెట్టుకున్నాను, కానీ ఇదెక్కడి న్యాయం, పోనిస్తే బతుకుతుందట, పట్టుకుంటే చస్తుందట, పాత ఆట తెరిచాను, ఒడ్డుకు పోయాను, నేనిక పోనా అంది, ఎప్పటిలాగే ఆగింది, బయట ఆటో చప్పుడు, పోయిరా బిడ్డా, నొక్కాను.

తెర నల్లబడలేదు, సుజాత పడవ ఎక్కింది, నేను ఒడ్డున మిగిలిపోతాననుకున్నాను, లేదు, తెర ఆమెతో పాటే కదిలింది, ఇవతలి ఒడ్డే చిన్నదైపోయింది, కత్తివాడూ తాళాలవాడూ చుక్కలైపోయారు, అవతల ఒక ఊరుంది, నేను ఎన్నడూ చూడని ఊరు, మెట్లెక్కింది, కుక్క ఎదురొచ్చింది, తలుపు తీసి, సంచి కొక్కేనికి తగిలించి, పొయ్యి రాజేసింది, పొగ లేచింది, పక్కింటామె గిన్నె పట్టుకుని వచ్చి, వచ్చావా అంది, వచ్చాను అంది సుజాత, ఆ మాట తెర మీద నిలిచి ఉంది, నా కళ్లు మసకలైనా నిలిచే ఉంది, ఒక్కో అక్షరం చదువుకున్నాను, అయితే ఇన్నేళ్లూ ఇదంతా ఇక్కడే ఉందా, నా చెల్లెలు కూడా దిగింది గదా, మహబూబాబాద్‌లో దిగి, ఇంటికి పోయి, ఆ సాయంత్రం పొయ్యి వెలిగించింది గదా, పక్కింటివాళ్లు పలకరించి ఉంటారు, చలికాలం వచ్చేదాకా ఎన్ని సాయంత్రాలు, నవ్వి ఉంటుంది, అరటిపండ్ల బండి వైపు తిరిగిన అక్కను తిట్టుకుని ఉంటుంది, ఆ ఖాళీ పట్టాలు ఆమె చూడనే లేదు, అవి నేనొక్కదాన్నే చూశాను, చూసి, చెల్లెలి బతుకంతా అవే అనుకున్నాను.

ఆటోల జర జరుగుండ్రి అని నేను ఎక్కి కూర్చుంటే శశికళ నోరు తెరిచింది, అగో, అత్తమ్మ సాగనంపుతదట, ఇయ్యాల వాన పడ్తది సూడు, పడనియ్ అన్నాను, బస్టాండు దాకా రచనను ఊపిరి తీసుకోనివ్వలేదు, చెల్పూర్ల బస్సు ఏ దిక్కు ఆపుతడు, అర్ర మేడ మీదనా కిందనా, నీళ్లు వస్తయా, పక్కింట్ల ఎవరుంటరు, పొద్దుమీకి ఏం వండుకుంటవ్, నేనింకా పోనేపోలే బాపమ్మా, గప్పుడే కూర అడుగుతున్నవ్ అని నవ్వింది, పప్పుచారు పెట్టుకుంట, సరేనా, మరి సుజాత ఏమైంది అంది, ఇల్లు చేరింది, కొత్త ఆటల ఎక్కడ కనిపిస్తదో రేపు జూస్త, గా గడ్డపాయన సంగతి గూడ జూస్త అన్నాను, పిల్ల ఎక్కింది, బస్సు కదిలింది, కిటికీలోంచి చేయి చాపింది, పట్టుకుని రెండడుగులు నడిచి వదిలేశాను, ముఖం తిప్పుకోలేదు, బస్సు దూరమవుతోంది, దూరమవుతున్నది ఇక్కడ నిలబడ్డ నాకే, పిల్లకు మాత్రం ఊరు దగ్గరపడుతోంది.