కంప్యూటరే గీస్తది గదా

“ఏం జేసినవే దానికి?”

లాప్‌టాప్ చెడిపోయిందని తెలిసిన పొద్దున మా ఆయన మల్లేశ్వర్ అన్న మొదటి మాట అది. చపాతీ పిండి అంటిన చేతులతో వంటింట్లోంచి వచ్చి చూశాను. నల్లటి తెర మీద, హార్డ్ డిస్క్ దొరకడం లేదని ఒక ఇంగ్లీషు వాక్యం. ఆ పొద్దున దాన్ని తెరిచింది అతను. వారం కింద ఫ్యాక్టరీలో, కొటేషన్ ఆలస్యమైందని, కొనడానికొచ్చిన గిరాకీ ముందే మూత టపీమని మూసి, నడుస్తున్నదాన్ని నడుస్తున్నట్టే బల్ల మీదికి విసిరిందీ అతనే. కానీ చేసింది మాత్రం నేను. మా ఇంట్లో పాలు పొంగినా, నీళ్ల మోటరు కాలినా, ఆ మాట దారి వెతుక్కోకుండా నేరుగా నా దగ్గరికే వస్తుంది.

ఆ విసురు తర్వాతే లోపల టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. “లాప్‌టాప్‌ల ఏదో సప్పుడొస్తుంది, జర చూపిద్దాం” అంటే, “నీ నోటికన్న తక్కువే జేస్తది తియ్” అన్నాడు. మా అత్త ఎంకమ్మ ఆకు నములుతూ నవ్వింది. అందులో ఉన్నవన్నీ ఇంకోచోట కూడా దాచుకుందాం, బయట తగిలించే డిస్కు ఒకటి కొనమని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాను. “ఒక డబ్బ ఉండంగ ఇంకో డబ్బ దేనికే?” అన్నాడు. ఆ నెలలోనే కారులో పెద్ద స్పీకర్లు పెట్టించుకున్నాడు.

ఆ లాప్‌టాప్ నేను కొన్నది. పెళ్లికి ముందు పరిగిలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ చెప్పేదాన్ని, నా జీతంతో కొనుక్కున్నాను. తాండూరుకు కాపురానికి వచ్చినప్పుడు అది అంబిక లాప్‌టాప్. ఏడాది తిరిగేసరికి ఇంటి లాప్‌టాప్ అయింది. మల్లేశ్వర్ బండల పాలిష్ ఫ్యాక్టరీ పెట్టాక ఫ్యాక్టరీ లాప్‌టాప్ అయింది, మూత మీద అతని పేరు, ఫోను నంబరు ఉన్న స్టిక్కర్ కూడా అంటించారు. చెడిపోయిన ఆ పొద్దున మాత్రం మళ్లీ నాదైంది. “నీ లాప్‌టాప్ ఖరాబైంది, పోయి చేపిచ్చుకరా. నాకు టైం లేదు. రెండు పూటలది వండి పో” అన్నాడు.

బడి మానేయడం కూడా ఇట్లాగే జరిగింది. “ఉంటే ఉంటది, పోతే పోతది, గా నౌకరీ ఏమన్న కలెక్టర్ నౌకరీయా?” అన్నాడు. పోయింది. ఇప్పుడు పొద్దున ఇంటి పని, పదింటికల్లా ఫ్యాక్టరీ. కొటేషన్లు నావి, లారీల బిల్లులు నావి, వచ్చినవాళ్లకు చాయ్ నాది. మిషన్ దగ్గరివాళ్లకు, బండలు ఎత్తేవాళ్లకు శనివారం జీతాలు. ఆ జీతాల పట్టీ టైపు చేసేది నేనే, అందులో లేనిదీ నేనే. ఇంటికి రాగానే అత్త, “పొద్దుందాక కుర్చీల కూసున్నవ్ గదా, జర బట్టలు పిండు” అంటుంది. ఆమె గొర్రెల మంద వెంట ఎండలో నడిచిన మనిషి, కాళ్లు పగిలితేనే పని అనుకుంటుంది. ఆమె మీద నాకు అంత కోపం లేదు. ఆ మాటకు తలూపే కొడుకు మీదే ఉంది.

వీటన్నిటి మధ్య నాదనుకున్న పని ఒకటుంది. ఇల్లు కట్టుకునేవాళ్లు గదుల కొలతలు తెచ్చిస్తారు. ఏ గదిలో పసుపు బండ, ఎక్కడ నీలం బండ, అంచు ఎక్కడ తిరగాలి, మధ్యలో ఏముండాలి, ఇవన్నీ నేను గీస్తాను. మా అమ్మ యాలాల్‌లో ఉన్ని వడికేది. మా నాయన గొంగడి అంచులో నల్లటి ఉన్ని మధ్య తెల్ల గీతలుండేవి. ఆ గీతలను బండల్లోకి తేవడానికి నాకు ఒక ఎండాకాలమంతా పట్టింది. ఇప్పుడు తాండూరులో ఎవరింటి హాల్లో ఆ అంచు ఉన్నా, చెప్పులు విడవగానే నా కాలికి తెలుస్తుంది. చూసినవాళ్లు మెచ్చుకుంటే మల్లేశ్వర్ మీసం మీద చెయ్యి వేసుకుని, “మన కంప్యూటర్‌ల సాఫ్ట్‌వేర్ ఉంది సార్, అదే గీస్తది” అంటాడు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను చాయ్ కప్పులు పట్టుకుని పక్కనే ఉన్నాను. వేళాకోళమనుకున్నాను. ఇంటికొచ్చాక అడిగాను.

“నువ్వేం జేస్తవే? బటన్లు ఒత్తుతవ్. కంప్యూటరే గీస్తది గదా” అన్నాడు. వేళాకోళం కాదు. నిజంగానే నమ్ముతున్నాడు.

పోయిన నెల వికారాబాద్ నుంచి అరుణాదేవి అనే ఆమె బండలు చూడడానికి వచ్చింది. ఇళ్లు కట్టించి అమ్ముతుంది. ఫ్యాక్టరీ గోడ మీద అంటించిన నా డిజైన్ ముందు చాలాసేపు నిలబడి, “ఈ అంచు మూల కాడ ఇట్ల తిరిగింది చూడు, ఇది మిషన్ తిప్పింది గాదు. ఎవరు గీసిండ్రు?” అని అడిగింది. మల్లేశ్వర్ అప్పుడు లారీ దగ్గరున్నాడు. “నేనే మేడం” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆమెకు వినపడింది. తన దగ్గర గీసే మనిషి కావాలంది. మొన్న ఫోన్ చేసి, “నీయి ఎన్నుంటే అన్ని పట్టుకొని శుక్రవారం రా. నచ్చితే జీతమిస్త, కాయితం మీద నీ పేరే ఏస్త” అంది. ఇంట్లో చెప్పలేదు. డిజైన్లన్నీ అంబిక అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. లాప్‌టాప్ చచ్చిపోయింది బుధవారం. తాండూరు షాపులో తమ వల్ల కాదన్నారు.

గురువారం తెల్లారకముందే లేచి రెండు పూటల వంట చేసి, లాప్‌టాప్ చున్నీలో చుట్టుకుని వికారాబాద్ రైలెక్కాను. నిలబడి ప్రయాణం. ఎవరైనా తగిలితే ఇంకేం పోతుందోనని చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాను. బస్టాండు దగ్గర రిపేరు షాపులో ప్రేమ్‌సాగర్ అనే అతను వెనక మూత విప్పాడు. లోపలంతా తెల్లటి బండ పొడి.

“ఏడన్న పడ్డదా అక్కా?”

నా చేతిలో జారిందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అంత అలవాటైపోయింది.

“పడలే. ఇసిరికొట్టిండ్రు” అన్నాను.

అతను డిస్కు బయటికి తీసి తన కంప్యూటర్‌కు తగిలించాడు. టక్కు టక్కు. చాలాసేపటికి ఫోల్డర్ల పేర్లు తెర మీదికి వచ్చాయి. వాటిలో అంబిక కూడా ఉంది.

“పానం ఉంది గని ఎంతసేపుంటదో చెప్పలేనక్కా. నడుమల ఆగితే మళ్ల లేవది. ముందుగాల ఏది తియ్యాల్నో సార్‌ని అడుగుదాం” అన్నాడు.

నేను ఎదురుగానే ఉన్నాను. అయినా అతను స్టిక్కర్ మీది నంబరు కొట్టి స్పీకర్ పెట్టాడు.

“ముందు కొటేషన్లు తియ్యి. తర్వాత జీఎస్టీయి. మా అమ్మ శ్రీశైలం పోయిన ఫోటోలున్నయి, అవి గూడ” అన్నాడు మల్లేశ్వర్.

“అంబిక అని ఒక ఫోల్డర్ ఉంది సార్. మస్తు పెద్దగుంది.”

“అండ్ల ఏముంటయి, వంటల వీడియోలుంటయి. ఉంటే ఉంటయి, పోతే పోతయి.”

పక్కన ఫోను చూపించడానికి వచ్చినాయన కిసుక్కున నవ్వాడు. ప్రేమ్‌సాగర్ కూడా నవ్వి మౌసు కొటేషన్ల మీదికి జరిపాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. జీఎస్టీ కాగితాలన్నీ ఆడిటర్ దగ్గరున్నాయి, పంపింది నేనే కాబట్టి నాకు తెలుసు. శ్రీశైలం ఫోటోలు చుట్టాలందరి ఫోన్లలో ఉన్నాయి. కొటేషన్లు పోతే మళ్లీ టైపు చేసుకోవచ్చు. ఆ అంచులు, ఆ మూలలు, అన్నం పొయ్యి మీద పెట్టి మరిచిపోయి, మాడబెట్టావని తిట్లు తింటూ గీసినవన్నీ ఈ లోకంలో ఇంకెక్కడా లేవు. ఇన్నేళ్లలో ఒక్కనాడు ఆ ఫోల్డర్ తెరిచి చూడలేదు ఈ మనిషి. నేను రాత్రింబగళ్లు ఏం గీస్తున్నానో తెలియకుండానే అమ్ముకున్నాడు, వంటల వీడియోలట! నౌకరీ పోయినప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పుడూ మూసుకుంటే నా అంత చేతగానిది ఇంకొకతె ఉండదు.

“మౌస్ ఆపు తమ్మీ. ముందుగాల అంబిక ఫోల్డర్ తియ్యి.”

“సార్ చెప్పిండు గదక్కా...”

“కొన్నది నేను. పని జేసింది నేను. ఖరాబైతే మోసుకొచ్చింది గూడ నేనే. సార్ ఎవరు నడుమల? ముందు నాయి తియ్యి.”

“ఏందే, నకరాలు జేస్తున్నవా...” ఫోన్లోంచి మల్లేశ్వర్ గొంతు. నేనే చెయ్యి చాపి కట్ చేశాను. నవ్వినాయన ఇప్పుడు గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు.

ఆ షాపులోనే కొత్త డిస్కు కొన్నాను. మధ్యాహ్నం దాటేదాకా ఒక్కొక్క గది దాంట్లోకి దిగింది. యాలాల్ జంగప్ప అనే గిరాకీ ఇంటి హాలు డిజైన్ తెరిపించి చూశాను. గొంగడి అంచు ఒక్క గీత చెదరకుండా ఉంది. నావన్నీ వచ్చాక కొటేషన్లు మొదలుపెట్టాడు. కాసేపటికి డిస్కు గరగరమని ఆగిపోయింది. రెండుసార్లు విప్పి మళ్లీ తగిలించినా లేవలేదు.

“అయిపోయిందక్కా. సార్‌వి రాలే” అన్నాడు బిక్కమొహంతో. నాకు బాధ కలగాలి కదా అని చూశాను. కలగలేదు.

“ఈ పాతది పడెయ్యాల్నా?”

“వద్దు, ఇటియ్యి. దానితోని పనుంది.”

సాయంత్రం రైలు దిగి నేరుగా ఫ్యాక్టరీకి వెళ్లాను. మల్లేశ్వర్ ముందు పరిగి నుంచి వచ్చిన గిరాకీ కూర్చుని ఉన్నాడు.

“ఫోన్ కట్ జేస్తవా నువ్వు? సరే, అది ఇంట్ల మాట్లాడుదాం. కొటేషన్లు వచ్చినయా?”

“రాలే.”

“రాలేదా! రేపు పొద్దుగాలకల్ల ఈ సార్‌కు రెండు గదుల డిజైన్ ఇయ్యాలె. ఎవరు గీస్తరు ఇప్పుడు?”

చున్నీ విప్పి చచ్చిపోయిన హార్డ్ డిస్కు తీశాను. అతని బల్ల మీద, బండ పొడిలో, అతని చాయ్ కప్పు పక్కన పెట్టాను.

“ఇన్నేండ్లు గీసింది ఇదేనంటివి గదా, దీనితోనే గీపిచ్చుకో. రేపు నేను వికారాబాద్ పోతున్న, నా డిజైన్లు పట్టుకొని. ఆడున్నోళ్లకు గీసేది మనిషని ఎర్కేనంట.”